ఏడో వెర్షన్‌లో రద్దు

112వ రోజు

విభాగంలో ప్రతి ఒక్కరూ రోజూ పనిచిట్టా రాయాలని డైరెక్టర్ పురుషోత్తం గారు సర్క్యులర్ పంపారు. ఇవన్నీ ఎవరు చదువుతారండీ అని అడిగాను. "చదవడానికి కాదు గవర్రాజూ, ఫైల్లో ఉండడానికి" అన్నారు. చదివేవాళ్ళు లేరని తేలిపోయింది కనుక ఇందులో నిజాలే రాస్తాను.

నేను పనిచేసేది వెనక్కి దించే విభాగంలో. చంద్రుడి నేల కింద తవ్వుకున్న మా కొత్తగాలిపాలెంలో గాలి, నీళ్ళు, తలుపులు, క్యాంటీన్, పెళ్ళిళ్ళ రిజిస్టరు, అన్నిటినీ ఒకే ప్రధాన యంత్రం నడుపుతుంది. దాన్ని మా తాతలు ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాశారో, ఆ భాషకు అప్పుడు ఏడో వెర్షన్. భూమి మీద ఇప్పుడు పందొమ్మిదోది నడుస్తోంది. మేమూ మారిపోవచ్చు. కాకపోతే మారడానికి యంత్రాన్ని ఒకటిన్నర రోజు ఆపాలి, ఆ ఒకటిన్నర రోజూ నాలుగు వేల మంది ఊపిరి బిగబట్టాలి. దీని మీద వేసిన కమిటీ ముప్పై ఏళ్ళుగా కూర్చునే ఉంది. అందుకని భూమి వాళ్ళు కొత్త వెర్షన్ లైబ్రరీలో ఏ సదుపాయం పెట్టినా, దాన్ని మా ఏడో వెర్షన్‌లో పనిచేసేలా వెనక్కి దించడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా దించుతున్నాను.

ఈ రోజు దించింది రద్దు. పందొమ్మిదో వెర్షన్‌లో ఒకసారి మొదలైన పనిని మధ్యలో రద్దు చేయవచ్చు. ఏడో వెర్షన్‌లో కుదరదు. అందులో పని మొదలైతే చివరిదాకా వెళ్ళి తీరుతుంది, మా తాతలు ఆ తరహా మనుషులు. యంత్రం మొత్తాన్ని ఆపితే తప్ప ఏ ఒక్క పనినీ ఆపే దారి లేదు. నేనేం చేశానంటే, రద్దు నొక్కగానే ఆ పని పేరును స్క్రీన్ మీది జాబితాలోంచి తీసేసి, "రద్దయింది" అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపించాను. లోపల పని దాని మానాన అది నడుస్తూనే ఉంటుంది.

భూమి నుంచి వచ్చిన నలభై పరీక్షలూ పెట్టాం. నలభైకి నలభై ప్యాస్. పరీక్షలన్నీ స్క్రీన్‌నే అడుగుతాయి మరి. పరీక్షలు పెట్టే మస్తాన్‌బీ మాత్రం నా ప్రోగ్రామ్ చదివి మొహం చిట్లించింది.

"పని ఆగట్లేదు కదండీ. రద్దయిందని ఎలా అంటాం?"

"ఆగిందా అని ఏ పరీక్షలోనైనా అడిగారా?"

"అడగలేదు."

"మరి అడగనిదానికి జవాబెందుకు?"

సాయంత్రం నాకు శాలువా కప్పారు. డైరెక్టర్ గారు పదిహేను నిమిషాలు మాట్లాడారు. అందులో నా పేరు రెండుసార్లు వచ్చింది, ఒకసారి తప్పుగా.

119వ రోజు

పాలెం జనానికి రద్దు బాగా అలవాటైంది. ఇరవై రెండేళ్ళలో నేను దించిన వాటిలో దేనికీ ఇంత గిరాకీ లేదు.

పొద్దున టీ చెప్పి, ఎందుకో వద్దనిపించి రద్దు చేశాను. ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. ఐదు నిమిషాల్లో ట్రాలీ కూడా వచ్చి టీ బల్ల మీద పెట్టి వెళ్ళింది. తాగేశాను. మూడో వార్డులో ఒకమ్మాయి, ఒకబ్బాయి పెళ్ళి రద్దు చేసుకున్నారు. అయినా శుభలేఖలు ఇంటింటికీ వెళ్ళాయి, హాల్లో బాజా మోగింది, పిలిచినవాళ్ళు వచ్చి భోంచేసి వెళ్ళారు, రిజిస్టర్లో ఇద్దరూ భార్యాభర్తలైపోయారు. ఇద్దరూ వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మా విభాగం బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు.

"రద్దు పత్రం మీ దగ్గరే ఉంది కదమ్మా. అది జాగ్రత్తగా దాచుకోండి" అని డైరెక్టర్ గారు సెలవిచ్చారు.

ఆ పిల్ల నా వంక చూసిన చూపు మర్చిపోదామని పని కల్పించుకున్నాను.

126వ రోజు

మా తాయారక్క ఆరో వార్డులో ఉంటుంది. పుట్టగొడుగులు పెంచుతుంది. పాలెంలో ఎవరి కూరలో పుట్టగొడుగు కనిపించినా అది ఆవిడ చేతిదే. అమ్మ పోయాక నన్ను పెంచింది కూడా ఆ చేతులే.

గాలి ఆదా చేయాలని ఆరో వార్డును మూసేయడానికి కౌన్సిల్ తీర్మానం చేసింది. మూసివేత పని యంత్రంలో తొంభయ్యో రోజునే మొదలైంది. ముందు దీపాలు సగం తీసేస్తుంది, తర్వాత నీళ్ళు సగం, తర్వాత వార్డు ఖాళీ అయిందా అని అడిగి జవాబు తీసుకుంటుంది, నూట అరవయ్యో రోజున వార్డు తలుపు మూసి గాలి కట్టేస్తుంది. ఆ వార్డులో రెండు వందల మంది ఉన్నారు. నెల రోజులుగా గొడవ చేశారు. అక్క బుట్టతో సహా వెళ్ళి కౌన్సిల్ గుమ్మంలో బైఠాయించింది. చివరికి ఈ రోజు అధ్యక్షుడు దిగొచ్చి, బహిరంగ సభలో అందరి ముందూ రద్దు నొక్కారు. చప్పట్లు మోగిపోయాయి. లడ్డూలు పంచారు.

అక్క జనాన్ని తోసుకుంటూ వచ్చి నా రెండు బుగ్గలూ పట్టుకుంది.

"మా తమ్ముడు రాసిందేనండీ ఆ బొత్తాం! ఆయ్, వీడే!" అని చుట్టుపక్కలవాళ్ళందరికీ చూపించింది. "ఒరేయ్ గవర్రాజూ, మా వార్డుని నిలబెట్టేవురా."

లడ్డూ చేతిలో అలాగే ఉండిపోయింది. నిజం చెప్పలేదు.

128వ రోజు

డైరెక్టర్ గారి గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గానే విన్నారు.

"మొదటి ప్రశ్న. స్క్రీన్ మీద ఏముంది?"

"రద్దయింది అని ఉందండి."

"రెండో ప్రశ్న. ఆ స్క్రీన్ పేరు చెప్పి శాలువా కప్పించుకున్నదెవరు?"

"నేనేనండి."

"మూడో ప్రశ్న లేదు."

అక్కణ్ణుంచి కౌన్సిల్ అధ్యక్షుడి దగ్గరికి పరుగెత్తాను. ఆయన పాపం నిజంగానే కంగారు పడ్డారు. "అయ్యో, లడ్డూలు పంచేశాం కదయ్యా!" అన్నారు. కాసేపు ఆలోచించి, మీ డైరెక్టర్ గారి ద్వారా రమ్మన్నారు.

133వ రోజు

ఆరో వార్డులో దీపాలు సగం ఆరిపోయాయి. చెప్పిన రోజుకి, చెప్పిన వరుసలో.

దీపాల సంగతి దీపాల విభాగం చూసుకుంటుందని మా వాళ్ళు అన్నారు. తమ వైపు అన్నీ సరిగ్గానే ఉన్నాయని దీపాల విభాగం అంది. అదీ నిజమే, ఆర్పమని యంత్రం చెప్పింది, ఆర్పారు. అక్కని చూడ్డానికి వెళ్తే ఆవిడ సంతోషంగా ఉంది.

"పుట్టగొడుగులకి చీకటే మంచిది లేరా. ఏపుగా వస్తున్నాయి చూడు."

చూశాను. నిజంగానే ఏపుగా వస్తున్నాయి. ఒక గిన్నెడు కోసి ఇచ్చింది. ఆ కూర నాకు సయించలేదు.

139వ రోజు

నీళ్ళు కూడా సగమైపోయాయి. ఈ రోజు యంత్రం, జవాబిచ్చే అధికారం ఉన్న డైరెక్టర్ గారిని ప్రశ్న అడిగింది: ఆరో వార్డు ఖాళీయేనా?

ఈ ప్రశ్న కోసమే నేను పది రోజులుగా కాచుకుని ఉన్నాను. ఏడో వెర్షన్ మనిషి మాట నమ్ముతుంది. ఆయన "కాదు" అని ఒక్క మాట కొడితే మూసివేత అక్కడే ఎదురుచూస్తూ ఉండిపోతుంది. కొట్టకపోతే మాత్రం ముప్పే. ఒక రోజులోగా అధికారి జవాబివ్వకపోతే "అవును" అని దానంతట అదే జవాబిచ్చే సదుపాయం ఒకటుంది. అధికారుల సౌకర్యార్థం పద్నాలుగో వెర్షన్‌లో వచ్చింది. దాన్ని వెనక్కి దించిన మహానుభావుణ్ణి కూడా నేనే.

డైరెక్టర్ గారి దగ్గర నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఏ పని అడుగుతోంది ఈ ప్రశ్న?" అన్నారాయన.

"వార్డు మూసివేతండి."

"అది రద్దయింది కదా?"

"స్క్రీన్ మీద అయిందండి. లోపల నడుస్తోంది."

"చూడు గవర్రాజూ. లేని పని అడిగిన ప్రశ్నకి నేను జవాబిచ్చాననుకో, ఆ పని ఉందని నేను ఒప్పుకున్నట్టే కదా. అప్పుడు అధ్యక్షుల వారు సభలో నొక్కిందేమిటి? భూమి వాళ్ళు మనకి ఇచ్చిన నలభైకి నలభై ఏమిటి?"

"రెండు వందల మందండీ అక్కడ. మా అక్క ఉందండి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒక్క క్షణం ఆయన చెయ్యి కీబోర్డు మీదికి వెళ్ళింది కూడా. నేను చూశాను. మళ్ళీ వెనక్కి తీసుకున్నారు.

"మీ అక్కగారిని కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకో" అన్నారు.

140వ రోజు

జవాబు వెళ్ళిపోయింది. అవును, ఖాళీయే.

147వ రోజు

నేను పిరికివాణ్ణి. చదివేవాళ్ళు లేరు కనుక రాసుకుంటున్నాను.

అక్క దగ్గరికి వెళ్ళి, కొన్నాళ్ళు రెండో వార్డుకి వచ్చి నాతో ఉండమన్నాను. ఎందుకని అడిగింది. నాకు ఒంటరిగా ఉందని అన్నాను. నా జన్మలో అలాంటి మాట నా నోట రాలేదు కాబట్టి ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం ఉందేమోనని చూసింది.

"ఇన్ని మళ్ళు వదిలేసి ఎక్కడికి రానురా? అయినా నువ్వు నిలబెట్టిన వార్డే కదా ఇది. ఇక్కడ నన్ను గవర్రాజు గారి అక్కగారు అంటున్నారు తెలుసా, పేరెట్టి పిలవడం మానేసేరు."

వచ్చేటప్పుడు మళ్ళీ ఒక గిన్నె చేతిలో పెట్టింది. ఆఫీసులో మస్తాన్‌బీ ఆ గిన్నె చూసి, విషయం అడిగి తెలుసుకుని, నన్ను కడిగి పారేసింది.

"మీ అక్కని ఒక్కదాన్నే బయటికి లాగుదామనుకున్నారా? మిగతావాళ్ళకి అక్కలూ చెల్లెళ్ళూ లేరా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

152వ రోజు

మస్తాన్‌బీ పాత కాగితాల గదిలోంచి వార్డు తలుపుల అసలు ప్రోగ్రామ్ తవ్వి తీసింది. తాతల నాటిది. మా విభాగం దాని జోలికి ఎన్నడూ పోలేదు, ఎందుకంటే తలుపుల మీద భూమి వాళ్ళు కొత్తగా ఏ సదుపాయమూ పంపలేదు. ఇద్దరం కూర్చుని వరుస వరుసా చదివాం. పదకొండో పేజీలో దొరికింది. గుమ్మంలో ఊపిరి పీల్చే మనిషి ఉంటే తలుపు మూయకూడదు. ఎనిమిది నిమిషాలాగి మళ్ళీ ప్రయత్నించాలి. తలుపు పూర్తిగా పడితే గానీ గాలి కట్టేయకూడదు.

"ఎన్నిసార్లు ప్రయత్నించాక మానేస్తుంది?" అన్నాను.

"మానేయడం ఏడో వెర్షన్‌లో ఎక్కడుందండీ?"

"గుమ్మంలో బియ్యం బస్తా పడేస్తే?"

"బస్తా ఊపిరి పీల్చదు కదండీ."

నేను పుట్టకముందే పోయిన మా తాతలంటే నాకు ఇరవై రెండేళ్ళుగా చిరాకు. ఈ రోజు ఆ కాగితం కళ్ళకద్దుకున్నాను. మస్తాన్‌బీ చూడలేదనుకుంటాను.

157వ రోజు

ఆరో వార్డు వాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పేశాను. రద్దు రద్దు కాదని, ఇంకో మూడు రోజుల్లో తలుపు మూసుకోబోతుందని, గుమ్మంలో మనిషి ఉన్నంతసేపూ మూసుకోదని. కొందరు తిట్టారు. ఒకాయన చెప్పు తీసి, అక్కని చూసి మళ్ళీ తొడుక్కున్నాడు. ఆ చెప్పు పడినా బాగుండేది.

అక్క చివరి వరసలో నుంచుంది.

"ఆగదని నీకెప్పుడు తెలిసింది?" అంది.

"రాసినప్పుడే తెలుసక్కా."

"సభలో నేను బుగ్గలు పట్టుకున్నప్పుడు?"

"తెలుసు."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. హాల్లో ఎవరూ నన్ను ఓదార్చలేదు, అది న్యాయమే. ఆ తర్వాత అక్క నా వైపు చూడకుండా జనం వైపు తిరిగింది.

"సరే, మొదట నేను కూర్చుంటాను. పొద్దున్న ఆరింటినించి ఎనిమిదిదాకా. తర్వాత ఎవరో పేర్లు చెప్పండి."

160వ రోజు

ఉదయం ఆరు గంటల ఐదు నిమిషాలకు తలుపు కదిలింది. అక్క గుమ్మంలో పీట వేసుకుని పుట్టగొడుగులు ఒలుస్తోంది. ఇద్దరు మనుషుల మందాన ఉండే తలుపు అది. మూరెడు దూరం దాకా వచ్చి, ఆగి, మూలిగి వెనక్కి వెళ్ళిపోయింది. ఎనిమిది నిమిషాలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వెళ్ళింది.

తొమ్మిదింటికి డైరెక్టర్ గారు వచ్చారు. అప్పటికి అక్క లేచి వేరే ఆయన కూర్చున్నాడు. డైరెక్టర్ గారు గుమ్మం పక్క గోడ మీది స్క్రీన్ దగ్గరికి వెళ్ళి, తలుపు పని వెతికి, అందరూ చూస్తుండగా రద్దు నొక్కారు. రద్దయిందని వచ్చింది. ఆయన మా వైపు తిరిగి, చూశారా అన్నట్టు చేతులు చాపారు. వెనకాల తలుపు వచ్చింది. ఆయన ఎగిరి అవతలికి దూకారు. వార్డంతా నవ్వింది. చాలా రోజులకి నేనూ నవ్వాను.

మధ్యాహ్నానికి వారం పట్టిక తయారైంది. రోజుకి పన్నెండు వంతులు, వారానికి ఎనభై నాలుగు. ఎనభై మూడు గళ్ళలో పేర్లు పడ్డాయి. గురువారం పది నుంచి పన్నెండు దాకా మాత్రం ఎవరికీ కుదరక ఖాళీగా ఉంది. ప్రస్తుతానికి ఎవరో ఒకరు సర్దుకుందామన్నారు.

174వ రోజు

డైరెక్టర్ గారి నివేదిక వచ్చింది. ఆరో వార్డు విషయంలో రద్దు సదుపాయం నూటికి నూరు పాళ్ళు విజయవంతమైంది. గడువు దాటి పద్నాలుగు రోజులైనా వార్డు మూతపడకపోవడమే అందుకు నిదర్శనం. మిగతా పదకొండు వార్డులూ దీన్ని ఆదర్శంగా తీసుకోవాలి.

దానితోపాటు భూమి వాళ్ళ ధ్రువీకరణ ఫారం ఉంది, నా సంతకం కోసం. సదుపాయం పేరు, రాసినవారు, ఆధారాలు. ఆధారాలంటే, ఇది పనిచేయాలంటే ఇంకా ఏవేవి ఉండి తీరాలో ఆ జాబితా. మామూలుగా అక్కడ నాలుగు పాత లైబ్రరీల పేర్లు రాస్తాం, ఎవరూ చూడరు. డైరెక్టర్ గారు ముందే నింపి పంపారు: "ఏమీ లేవు."

ఫారం పట్టుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళాను. అక్క వంతు. ఆ రోజు హాల్లో మాట్లాడాక నాతో మాట్లాడ్డం ఇదే మొదలు.

"ఏంటా కాయితం?"

చదివి వినిపించాను. ఆధారాలంటే ఏమిటో కూడా చెప్పాను.

"ఏమీ లేవా?" అంది. చేతిలో పుట్టగొడుగు పక్కన పెట్టింది. "మరి మేవేంటిరా?"

"ఏమీ లేవు" అన్న రెండు మాటలూ కొట్టేశాను. అక్క చెబుతూంటే పేర్లు రాశాను, వంతుల వేళలతో సహా. మొదటిది అక్కదే, మంగతాయారు, ఆరు నుంచి ఎనిమిది. ఎనభై మూడు పేర్లు పూర్తయ్యేసరికి తలుపు నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది. ఆఖరిది ఆ గురువారం గడి, అక్కడ అక్క ఆగిపోయింది. నేను ఫారం పైన "రాసినవారు" అన్న చోట నా పేరు కొట్టేసి, కింద ఎనభై నాలుగో గడిలో రాశాను.

గంటలో డైరెక్టర్ గారు పిలిచారు.

"రాసినవారి పేరు లేకపోతే ఫారం వెనక్కొచ్చేస్తుందయ్యా."

"రానివ్వండి."

"మళ్ళీ నింపాల్సొస్తుంది."

"నింపుతానండి. గురువారం పదింటికి మాత్రం ఇక్కడ ఉండను."

176వ రోజు, గురువారం

గుమ్మంలో పీట మీద కూర్చుని రాస్తున్నాను. తలుపు ఇప్పటికి పదిహేనుసార్లు వచ్చింది. మొదటి నాలుగుసార్లూ కళ్ళు మూసుకున్నాను, ఆ తర్వాత అలవాటైంది. దగ్గరికొచ్చినప్పుడు పాత ఇనుము వాసన వేస్తుంది.

పన్నెండు దాటి నాలుగు నిమిషాలైంది. తర్వాతి వంతు మనిషి ఇంకా రాలేదు. లోపల రెండు వందల మంది అన్నాలు తింటున్నారు, గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. కూర్చునే ఉన్నాను.